రమ్మీ వచ్చినవారు పోకర్ ఎక్కడ మొదలుపెట్టాలి?

పెన్నాతీరం (కావలి):
సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుళ్లు టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. పదమూడు ముక్కల రమ్మీ, మూడు ముక్కలాట నాకు వచ్చు గానీ, చేతిలో రెండు ముక్కలే ఉంచుకుని, బల్లమీద తెరిచిన ఐదింటిని అందరూ వాడుకునే ఈ ఆటలో ఎప్పుడు కొనసాగాలో, ఎప్పుడు విరమించాలో బోధపడలేదు. పైగా మూడు ముక్కలాటలో రంగు (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) కంటే సీక్వెన్స్ (వరుస అంకెల ముక్కలు) పెద్దది కదా, వీళ్లు రంగే పెద్దదంటున్నారు. డబ్బు పెట్టకుండా నేర్చుకునే మార్గం చెప్పగలరు.

లెక్కల మాస్టారు (ఒంగోలు):
మీ మేనల్లుళ్ల మాట సరైనదే. ఏది అరుదుగా పడుతుందో అదే పెద్దది. రంగూ వరుసా రెండూ కలిసినవి తీసేస్తే, మూడు ముక్కల్లో వట్టి సీక్వెన్సులు 720, వట్టి రంగులు 1,096. ఐదు ముక్కలకు వచ్చేసరికి మొత్తం 25,98,960 కూర్పుల్లో సీక్వెన్సులు 10,200 కాగా రంగులు 5,108 మాత్రమే కనుక వరుస తారుమారైంది.

ఇక కొనసాగడం సంగతి. మీ చేతిలో రెండు ఆఠీన్లు, మొదట తెరిచిన మూడింటిలో మరో రెండు ఆఠీన్లు ఉన్నాయనుకోండి. మీకు కనబడని 47 ముక్కల్లో ఆఠీన్లు 9, అంటే తర్వాతి ముక్కకే రంగు పడే అవకాశం సుమారు 19 శాతం. డబ్బుకు బదులు చింతపిక్కలతో ఆడుతున్నారనుకుందాం. మధ్యలో 80 పిక్కలు ఉండగా ఎదుటివారు 20 వేస్తే, మీరు 20 పెట్టి 100 కోసం ఆడుతున్నారు. మీ 20ని మొత్తం 120తో భాగిస్తే దానికి 17 శాతం అవకాశం చాలు కనుక కొనసాగవచ్చు. అదే ఆయన 80 వేస్తే మీ 80ని మొత్తం 240తో భాగించాలి, 33 శాతం కావాలి, కాబట్టి ముక్కలు పడేయడమే సబబు.

మాగుంట వీధి (నెల్లూరు):
మాస్టారి లెక్క బాగుంది గానీ, కొత్తవారికి అంతకంటే ముందు కావలసింది కూర్చున్న చోటు తెలియడం. మొదటి మూడు ముక్కలు తెరిచాక పంచినవారి ఎడమపక్క వ్యక్తి ముందుగా నిర్ణయం చెప్పాలి, పంచినవారు చివర చెబుతారు. అందరి ధోరణీ చూసి చెప్పే వీలున్న ఆ చివరి చోట రాజు, తొమ్మిది కూడా ఆడదగ్గవి కావచ్చు; ముందు చోట పడేయాలి. రమ్మీలో ముక్కలు బాగోలేకపోతే మొదటే డ్రాప్ చెప్పి తప్పుకునే అలవాటున్న మీకు ఇది కష్టం కాదు.

చింతపిక్కలతో ఒక చిక్కుంది: పోయేదేమీ లేదని ప్రతివాడూ చివరిదాకా వస్తాడు, అప్పుడు బ్లఫ్‌కు, అంటే ముక్కలు లేకున్నా ఉన్నట్టు నటించి ఎదుటివారిని తప్పుకునేలా చేయడానికి, చోటే ఉండదు. అందరికీ సమానంగా పంచి, అయిపోయినవారు ఆ ఆట ముగిసేదాకా బయటే కూర్చోవాలని నియమం పెట్టండి. ఫోన్‌లో డబ్బుతో ఆడటం మన రాష్ట్రంలో 2020లోనే నిషిద్ధమైంది, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఆ వైపు వెళ్లకండి.

పెన్నాతీరం (కావలి):
ఇద్దరికీ ధన్యవాదాలు. రాజు, ఆసు, రెండు కలిపి సీక్వెన్సు అవుతుందా?

లెక్కల మాస్టారు (ఒంగోలు):
కాదండీ. ఆసు రాజు తర్వాత వరుస చివర గానీ, రెండుకు ముందు గానీ నిలుస్తుంది, మధ్యలో నిలవదు.