పీడీఎఫ్ ఫారంలో ఫీల్డుల స్వయంచాలక గుర్తింపు: తప్పులను సరిదిద్దే పద్ధతి ఏమిటి?

ప్రశ్న:
వర్డ్‌లో తయారుచేసిన దరఖాస్తును పీడీఎఫ్‌గా మార్చి, నింపవలసిన ఫీల్డులను ఎడిటర్ తనంతట తానే గుర్తించేలా చేశాను. గీతలున్నచోట ఫీల్డులు చక్కగానే అమరాయి. అయితే ఫోన్ నంబరు కోసం గీసిన చిన్న పెట్టెలన్నీ చెక్‌బాక్సులయ్యాయి. పట్టిక శీర్షిక వరుసలో ఖాళీగా వదిలిన గడిలో అక్కరలేని ఫీల్డు పుట్టుకొచ్చింది. ఎడిటర్ వదిలేసిన సాక్షి పేరు కోసం దరఖాస్తుదారు పేరు ఫీల్డునే కాపీ చేసి అతికిస్తే, ఒకచోట టైపు చేసింది రెండుచోట్లా కనిపిస్తోంది. వీటిని ఒక్కొక్కటిగా సరిదిద్దుకోవలసిందేనా?

జవాబు 1:
ఈ గుర్తింపు ప్రధానంగా పేజీ మీది గీతలను, పెట్టెలను, వాటి పక్కనున్న అక్షరాలను చూసి వేసే అంచనా. చిన్న చదరం కనబడితే అది టిక్కు కోసమా, అంకె కోసమా అన్నది దానికి తెలిసే అవకాశం తక్కువ. ఆ చెక్‌బాక్సులను తొలగించి, పెట్టెలన్నిటినీ కప్పేలా ఒకే టెక్స్ట్ ఫీల్డు గీయండి. అడోబీ వారి పీడీఎఫ్ ఎడిటర్ అక్రోబాట్‌లో అయితే దాని ప్రాపర్టీస్‌లో బహుళ పంక్తుల వంటి ఇతర ఎంపికలను తీసివేసి, ‘కోంబ్’ను ఎంచుకుని అక్షరాల సంఖ్య ఇస్తే, ఒక్కో అంకె ఒక్కో పెట్టెలో కూర్చుంటుంది.

పేరు రెండుచోట్లా రావడం లోపం కాదు. పీడీఎఫ్‌లో ఒకే పేరున్న ఫీల్డులకు విలువ కూడా ఒకటే. అతికించిన ఫీల్డుకు వేరే పేరు పెడితే చాలు. దరఖాస్తుదారు పేరు ప్రతి పేజీలోనూ రావాలనుకున్నప్పుడు ఇదే లక్షణం ఎంతో ఉపకరిస్తుంది.

జవాబు 2:
నా అభిప్రాయంలో ఫీల్డులను దిద్దడం కంటే మూలపత్రాన్ని దిద్దడమే మేలు, ఎందుకంటే రేపు ఫారంలో ఒక వాక్యం మారినా గుర్తింపును మళ్లీ నడపవలసి రావచ్చు. ఖాళీ శీర్షిక గడిని పక్క గడితో కలిపేయండి. నింపవలసిన చోట స్పేసులకు బదులు గీత గాని పట్టిక గడి గాని పెట్టండి. స్కాన్ చేసిన కాగితమైతే ముందుగా వంకర సరిచేసి, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే ప్రక్రియ) నడపాలి. చివరగా ట్యాబ్ నొక్కుతూ ఫారమంతా తిరిగి చూడండి. రెండు నిలువు వరుసలున్న పేజీల్లో ఒక ఫీల్డు నుంచి మరో ఫీల్డుకు వెళ్లే క్రమం తరచుగా తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పట్టికను మార్చాక అదనపు ఫీల్డు రాలేదు. అయితే ఫీల్డుల్లో తెలుగు టైపు చేస్తే ఒక వ్యూయర్‌లో (పీడీఎఫ్‌ను తెరిచే ప్రోగ్రాంలో) ఒత్తులు విడిపోతున్నాయి.

జవాబు 3:
ఫీల్డుకు హెల్వెటికా వంటి ఫాంటు ఉంటే అందులో తెలుగు అక్షరాలే ఉండవు. నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటు పెట్టి చూడండి. అయినా ఒత్తులను కూర్చవలసింది ఫారం నింపే వ్యూయరే కాబట్టి, బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ ‘జ్యోత్స్న’ వంటి పేరుతో పరీక్షించిన తరువాతే ఫారాన్ని పంపిణీ చేయండి.