మాత్రలు వేసినా చలిజ్వరం తిరగబెట్టడం ఎందుకు?

మన్యం బడి మాస్టారు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను పాడేరు ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. జూన్‌లో మా ఆరో తరగతి పిల్లవాడొకడికి జ్వరం వస్తే వేలు గుచ్చి పరీక్ష చేసి, వైవాక్స్ రకం మలేరియా అని చెప్పి మాత్రలిచ్చి ఇంటికి పంపారు. మూడు రోజుల్లో తగ్గింది. దసరా సెలవులయ్యాక అదే జ్వరం మళ్లీ వచ్చింది. పాఠం మధ్యలో పళ్లు కటకటలాడుతూ వణుకు మొదలై, రెండు దుప్పట్లు కప్పినా ఆగక, కాసేపటికి ఒళ్లు నిప్పులా కాలి, సాయంత్రానికి చొక్కా పిండితే నీళ్లు కారేంతగా చెమటలు పట్టాయి. మర్నాడు మామూలుగా ఆడుకున్నాడు, మూడో రోజు మళ్లీ వణుకు. ఇది కొత్తగా దోమ కుట్టడం వల్ల వచ్చిందా, పాతదే తిరగబెట్టిందా? వాళ్ల ఊళ్లో గోడలకు మందు కొట్టి వెళ్లాక ఆడవాళ్లు వెంటనే ఎర్రమట్టితో అలికేస్తున్నారు. దానివల్ల నష్టముందా?

ప్రయోగశాలలో పనిచేసే ఒకరి జవాబు

మాస్టారూ, రెండింటిలో ఏదైనా కావచ్చు, రక్తపూత చూసినా ఆ తేడా తెలియదు. అయితే మీరు చెప్పిన తీరును బట్టి తిరగబెట్టిందన్న అనుమానమే నాకు ఎక్కువగా ఉంది. వైవాక్స్ పరాన్నజీవులన్నీ రక్తంలోకి రావు. కొన్ని కాలేయంలో నిద్రపోతున్నట్లు దాగి, కొన్ని వారాలకో నెలలకో లేచి మళ్లీ రక్తంలో పడతాయి. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటిని చంపి జ్వరం తగ్గిస్తుందే గాని, కాలేయంలో దాగినవాటి జోలికి పోదు. వాటి కోసమే ప్రైమాక్విన్‌ను 14 రోజులు ఇస్తారు. జ్వరం మూడో రోజుకే పోతుంది కాబట్టి మిగతా పదకొండు రోజులు మాత్ర మింగాలని ఎవరికీ అనిపించదు. తప్పు జరిగేది అక్కడే.

ఈ ప్రైమాక్విన్ మాత్రను మాత్రం డాక్టరును అడక్కుండా ఎవరికీ వేయకండి. గర్భిణులకు, పసికందులకు ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో అది ఎర్ర రక్తకణాలను చిదిమేస్తుంది. మాత్ర మొదలుపెట్టాక మూత్రం నల్లగా వస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి. ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియాకు మందులు వేరు, అది మెదడుకు ఎక్కితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. పిల్లవాడు మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా మర్నాటి దాకా ఆగవద్దు.

ఏజెన్సీలో పుట్టి పెరిగిన ఒకరి జవాబు

పైన చెప్పినదంతా నిజమే. ఆ జ్వరం ఒక ఇంటిని ఏం చేస్తుందో నేను చెబుతాను. నా చిన్నతనంలో మా అమ్మకు ఏటా వానాకాలంలో రెండు మూడుసార్లు చలిజ్వరం వచ్చేది. కలుపు తీసే రోజుల్లోనే ఆమె మంచం పట్టేది, ఆ పది రోజుల కూలి పోయేది, చెల్లిని చూసుకోవడానికి నేను బడి మానేవాడిని. ఎడమ డొక్క కింద చేతికి గట్టిగా తగిలే వాపును మా ఊళ్లో బల్ల అనేవారు. అది ప్లీహం వాచడమని నేను కాలేజీకి వెళ్లాకగాని తెలుసుకోలేదు. ఆమె అరచేతులు సున్నం పూసినట్లు పాలిపోయి ఉండేవి. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు జ్వరం వస్తే డోలీ కట్టి, వాగు దాటించి మోసుకుపోయారు. వాడు చాలా తక్కువ బరువుతో పుట్టాడు. గర్భిణికి మలేరియా వస్తే బిడ్డ బరువు తగ్గుతుందన్న మాట అప్పుడు మాకు ఎవరైనా చెప్పి ఉంటే, దిసారి (మా ఊరి మంత్రవైద్యుడు) దగ్గర మూడు రోజులు గడిపి ఉండేవాళ్లం కాదు.

మలేరియా విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒకరి జవాబు

గోడల సంగతి నేను చెబుతాను. మన కొండల్లో మలేరియాను మోసే దోమ మురికి గుంటల్లో పెరగదు, మెల్లగా పారే తేట వాగుల అంచుల్లో, గడ్డి నీడలో పెరుగుతుంది. రాత్రి ఇంట్లోకి వచ్చి కుట్టి, కడుపు నిండాక బరువుతో ఎదురుగా ఉన్న గోడ మీద వాలుతుంది. గోడకు పూసిన మందు దాన్ని అక్కడే చంపాలి. దాని మీద మట్టి అలికితే మందు కిందికి పోయి, దోమ హాయిగా కూర్చుంటుంది. అలాగని ఆ తల్లులను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. పండగకు ఇల్లు అలకడం వారి మర్యాద. మందు కొట్టే తేదీ ముందుగా చెప్పి, అలుకుడు దానికంటే ముందే పూర్తి చేయమంటే వింటారు, నేను పనిచేసిన ఊళ్లలో విన్నారు కూడా. పోడు కాపలాకు మంచె మీద పడుకునేవారికి గోడే ఉండదు కాబట్టి వారికి దోమతెర తప్పనిసరి.

ఇంకొక మాట. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ వైద్యుడు చూసింది, రోగి రక్తం తాగిన దోమ కడుపు గోడలో పెరుగుతున్న పరాన్నజీవిని. దోమ పుడుతూనే మలేరియాతో పుట్టదు, మనిషి నుంచే తీసుకుంటుంది. మీ విద్యార్థి మానేసిన మాత్రలు వాడి ఒక్కడికే నష్టం కాదు, పక్క మంచం మీద పిల్లవాడికీ ఇంటి దగ్గర వాడి చెల్లికీ నష్టమే.

మన్యం బడి మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న వాళ్ల ఇంటికి వెళ్లాను. జూన్‌లో ఇచ్చిన మాత్రల పట్టీ చూరులో దోపి ఉంది, అందులో తొమ్మిది మాత్రలు అలాగే ఉన్నాయి. తండ్రి వాటిని పారేయలేదు, మళ్లీ జ్వరం వస్తే పనికొస్తాయని దాచాడట. పిల్లవాడికి ఈరోజు మళ్లీ పరీక్ష చేయించాము, వైవాక్సే. ఈసారి డాక్టరు మందు రాసిచ్చిన తర్వాత పద్నాలుగు గళ్లు గీసిన కాగితం నా బల్ల మీద అతికించాను. రోజూ భోజనం చేశాక నా ఎదుటే మాత్ర మింగి, ఆ గడిలో వాడే టిక్కు పెట్టాలి. ఇవాళ మొదటి గడి నిండింది.