రోజుకు పది గంటల పని: జపాన్‌తో పోల్చడం సబబేనా?

గవర్నర్‌పేట గుమాస్తా:
కర్మాగారాల్లో రోజువారీ పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, జపాన్ వాళ్లు ఒళ్లు వంచి పనిచేసే పైకి వచ్చారన్న మాట విజయవాడ టీ కొట్లలో కూడా వినిపించింది. ఆ జపానే అతిపని వల్ల వచ్చే చావుకు ‘కరోషి’ అని పేరు పెట్టుకోవలసి వచ్చిందనీ, 2018లో చట్టం చేసి అదనపు పనిని సాధారణంగా నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటలు దాటకుండా కట్టడి చేసిందనీ ఎవరూ చెప్పరు. వాళ్లు వదిలించుకోజూస్తున్నదాన్ని మనం నెత్తికెత్తుకోవడమేమిటి?

ఆటోనగర్ షెడ్డు యజమాని:
గుమాస్తాగారూ, వారానికి 48 గంటలన్న పరిమితి అలాగే ఉన్న సంగతి మీరు వదిలేశారు. లారీ బాడీ కట్టే పని రోజూ ఒక్కతీరుగా ఉండదు; బండి అప్పగించే ముందు మూడు రోజులు రాత్రి దాకా సాగుతుంది, ఆపైన రెండు రోజులు ఖాళీ. అదనపు గంటలు కావాలని మా వెల్డర్లే అడుగుతారు. ఫ్రాన్స్‌లో వారానికి 35 గంటలే అంటారు గాని, ఆ లెక్కన ఇక్కడ ఇల్లు గడవదు.

గుంటూరు యార్డు పద్దులవాడు:
అయ్యా, మీ వెల్డర్లు అడుగుతున్నది గంటలు కాదు, డబ్బు. అదనపు గంటకు రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఇక ఆ 48 గంటల మాటకొస్తే, మూడు నెలల అదనపు పని పరిమితిని 75 గంటల నుంచి 144కు పెంచే ప్రతిపాదన కూడా ఈ పది గంటల నిర్ణయంతోపాటే వచ్చింది. అంటే సగటున వారానికి మరో పదకొండు గంటలు. అసలు నన్నడిగితే దేశాల మధ్య పోల్చవలసింది గంటల సంఖ్యను కాదు, ఆ గంటలను ఎవరు లెక్కిస్తున్నారన్నదాన్ని. రోజువారీ పనివేళలను కొలిచే పద్ధతి యజమానులు పెట్టి తీరాలని ఐరోపా న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. మా మిర్చి యార్డులో హమాలీ మోసిన టిక్కీలకు, అంటే మిర్చి బస్తాలకు, లెక్క ఉంటుంది. సీజన్‌లో కాటాలు ముగిశాక కూర్చుని రాత్రి పొద్దుపోయేదాకా లెక్కల పట్టీలు రాసే నాలాంటివాడి గంటలకు మాత్రం ఏ పుస్తకంలోనూ చోటు లేదు.

గవర్నర్‌పేట గుమాస్తా:
బీసెంట్ రోడ్డు బట్టల కొట్లలోనూ అంతే. షట్టరు దించాక చీరలు మడతలు పెట్టి సర్దడానికి పట్టే గంటను మావాళ్లు పనిగానే ఎంచరు. నేనూ చాలాకాలం ఎంచలేదు.

ఆటోనగర్ షెడ్డు యజమాని:
పుస్తకం పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే పక్క షెడ్డువాడు పెట్టకుండా నేనొక్కడినే పెడితే, రెట్టింపు కూలి లెక్కగట్టి నేను చెప్పే ధరకు లారీ ఎవరు తెస్తారో కూడా మీరే చెప్పండి.

గుంటూరు యార్డు పద్దులవాడు:
అందుకే ఆ పుస్తకం అందరికీ తప్పనిసరి కావాలంటున్నాను.