తంబురా శ్రుతి కలిసింది, జీవ మాత్రం పలకడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న: మా పెద్దమ్మ వాడిన తంబురా నాకిచ్చింది. తంత్రులు కొత్తవి వేయించాను. నాది 5 శ్రుతి (పాశ్చాత్య సంగీతంలో G). ఫోన్ ట్యూనర్‌లో ప–స–స–స సరిగ్గానే చూపిస్తోంది. మీటితే మాత్రం టింగుమని ఆగిపోతోంది, జీవ అంటారే, ఆ నిండుగా గుమ్మనే నాదం రావడం లేదు. ఇంకాస్త బిగించాలా? వచ్చే శుక్రవారం గుళ్ళో పాడాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: బిగించకండమ్మా, తంత్రి తెగుతుంది. శ్రుతి బిరడాలో (తంత్రి బిగించే మరలో) ఉంటుంది, జీవ బ్రిడ్జి మీద (తంత్రులు ఆనే చోట) ఉంటుంది. రెండూ వేర్వేరు పనులు. బ్రిడ్జి పైభాగం చూడండి, కత్తి అంచులా కాకుండా వెడల్పుగా, కొద్దిగా వంపుగా ఉంటుంది. తంత్రికీ ఆ వంపుకీ మధ్య నూలు దారం ఉందా? కొత్త తంత్రులు వేసేటప్పుడు తీసేసి ఉంటారు. ముందు పూసలతో (శ్రుతిని సన్నగా సర్దడానికి తంత్రికి ఉండేవి) సహా శ్రుతి పూర్తిగా కలపండి. తర్వాత ఒక్కో తంత్రి కింద నూలు పోగు పెట్టి, ఒక చేత్తో మీటుతూ రెండో చేత్తో దారాన్ని వెంట్రుకవాసి చొప్పున అటూ ఇటూ జరపండి. ఒకచోట నాదం ఉన్నట్టుండి విచ్చుకుంటుంది. అక్కడ వదిలేయండి. శ్రుతి మార్చినప్పుడల్లా దారం మళ్ళీ చూసుకోవాలి.

మరొకరు: అన్నా, నూలు పోగుకి అంత తేడా ఎందుకొస్తుంది?

జవాబు: దారం తంత్రిని బ్రిడ్జి నుంచి కొద్దిగా లేపుతుంది. ఊగే తంత్రి ప్రతి ఊపులోనూ ఆ వంపుని రాసుకుంటూ వెళ్తుంది. అలా రాసుకున్న ప్రతిసారీ పై స్థాయి అనుస్వరాలకు (అసలు స్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల కంపనంతో దానితోపాటే పలికేవాటికి) కొత్తగా బలం అందుతుంది. 5 శ్రుతికి మంద్ర షడ్జం (కింది స) దాదాపు 98 హెర్ట్జ్. దాని ఐదో అనుస్వరం 490, అంటే అంతర గాంధారం (గ). ఏ తంత్రినీ గాంధారానికి కలపకపోయినా మంచి తంబురాలో అది వినపడేది అందుకే.

సి.వి. రామన్ 1921లో మన తంత్రీ వాద్యాల మీద రాసినప్పుడు దీన్నే పట్టుకున్నారు. తంత్రిని సరిగ్గా మధ్యలో మీటితే రెండో అనుస్వరం పుట్టకూడదని థామస్ యంగ్ సూత్రం. తంబురాలో అది గట్టిగానే పలుకుతుంది! దారం తీసి ఒకసారి, పెట్టి ఒకసారి నడిమధ్యన మీటి వినండి. నాకైతే భౌతికశాస్త్రంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం లేదు.

ప్రశ్న అడిగినవారు: దారాలు పెట్టాను. పంచమం (ప), సారణి, అనుసారణి (మధ్య రెండు స తంత్రులు) చక్కగా పలుకుతున్నాయి! మంద్రం (చివరి, కింది స తంత్రి) ఒక్కటే జర్రుమని గరగరలాడుతోంది.

జవాబు: గరగర జీవ కాదు, ఏదో వదులుగా తగులుతోంది. మంద్రం పూసని వేలితో నొక్కి పట్టి మీటండి. గరగర ఆగితే పూస కింది చెక్కకు తగులుతున్నట్టే, కొంచెం జరిపి చూడండి. ఆగకపోతే దారం రెండు పోగులు పేని పెట్టండి. మంద్రం లావు తంత్రి, ఊపు ఎక్కువ. అప్పటికీ పోకపోతే తంత్రి పక్కకి తప్పించి బ్రిడ్జిని గోటితో తడమండి. గాడి తగిలితే ఉప్పుకాగితం మాత్రం పట్టించకండి, ఆ వంపు ఒకసారి పోతే ఇంట్లో తిరిగి రాదు. వీణలు, తంబురాలు బాగుచేసేవారి దగ్గరికి తీసుకెళ్ళండి. శుక్రవారానికి మిగతా మూడు తంత్రులూ చాలు, మంద్రం మెల్లగా మీటుకోండి.