అప్‌డేట్: అమ్మమ్మ స్టీరియో పోర్ట్రెయిట్‌లో ముక్కు సాగడం, కళ్లు లాగడం – సమస్య తీరింది

సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. ఇంతకుముందు అడిగింది ఇదీ: స్టీరియో పోర్ట్రెయిట్ (లోతు కనిపించే 3D ఫోటో) కోసం ఒకే ఫోన్‌తో ఎడమ, కుడి ఫోటోలు తీసి, ఒక్కో కంటికి ఒక్కో ఫోటో చూపే వ్యూయర్‌లో చూస్తే అమ్మమ్మ ముక్కు ముందుకు సాగినట్టుంది, నిమిషానికే కళ్లు లాగుతున్నాయి.

అసలు తప్పు ఫోన్‌ని మరీ ఎక్కువ జరపడమే. 1.2 మీటర్ల దూరం నుంచి తీస్తూ దాదాపు 12 సెంటీమీటర్లు జరిపాను. మీలో ఒకరు చెప్పిన 1/30 లెక్క (దూరంలో ముప్పయ్యో వంతే జరపాలి) ప్రకారం 4 సెంటీమీటర్లు చాలు. ట్రైపాడ్ మీద స్కేలు కట్టి అంతే జరిపాను, ముఖం సరిగ్గా వచ్చింది. కళ్లు లాగడానికి ఇంకో కారణం, రెండోసారి ఫోన్‌ని ఆవిడ వైపు కొద్దిగా తిప్పడం. ఇప్పుడు తిప్పకుండా పక్కకే జరుపుతున్నాను. రెండు ఫోటోల మధ్య మిగిలిన చిన్న ఎత్తు తేడాని స్టీరియోఫోటో మేకర్ అనే సాఫ్ట్‌వేర్ సరిచేసింది.

వ్యూయర్ మార్చమన్న సలహా నా విషయంలో అవసరం పడలేదు, పాతదే వాడుతున్నాను. రెండు ఫోటోల మధ్య కదలకుండా ఉండటానికి తలని కుర్చీ వెనక్కి ఆనించమన్నాను. అయినా ఆరు జతల్లో రెండే పనికొచ్చాయి, కనురెప్పలు మనం ఆపలేం కదా.

ఆ రెండూ చాలు. కళ్లద్దాలు కళ్లకి ముందు విడిగా, చెవి దగ్గర తెల్లవెంట్రుకలు గాల్లో. మామూలు ఫోటోలో ఆవిడ రూపమే ఉండేది, ఇందులో ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. అమ్మ చూస్తూ చెయ్యి చాపింది.