విజయనగరంలో బొటానికల్ గార్డెన్ పెడితే అందులో ఏ మొక్కలుండాలి?

నెల్లిమర్ల వాసి (చర్చ ప్రారంభం):

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు కలిపి ఒక బొటానికల్ గార్డెన్ వస్తే, అది ప్రపంచ దేశాల మొక్కలను చూపించేదిగా ఉండాలా, తూర్పు కనుమల మొక్కలకే పరిమితం కావాలా? ప్రభుత్వ ప్రతిపాదన చూసి అడుగుతున్నది కాదు, మిత్రుల మధ్య తెగని వాదనను ఇక్కడికి తెచ్చాను. నేను మొదటి పక్షం. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయం 1545లో వేసిన తోటలో, 1585లో నాటిన ఒక తాళజాతి చెట్టు నేటికీ బతికి ఉంది. జనం దాన్ని చూడటానికే వెళతారు. 1859లో మొదలైన సింగపూర్ తోటకు 2015లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది. బెంగళూరు లాల్‌బాగ్‌లో 1889 నాటి గ్లాస్‌హౌస్‌లో పూల ప్రదర్శన జరిగినప్పుడు ఎంత రద్దీ ఉంటుందో చాలామందికి తెలుసు. టికెట్టు రాబడి లేనిదే తోట నిలవదు. అడవిలో ఊరికే దొరికే అడ్డాకు తీగను చూడటానికి ఎవరు టికెట్టు కొంటారు?

చంపావతి:

పాదువా ఉదాహరణ మీకు అంతగా సాయపడదండీ. వైద్య విద్యార్థులు అసలైన ఔషధ మొక్కను నకిలీ నుంచి వేరుచేసి గుర్తుపట్టడం నేర్చుకోవాలని వేసిన తోట అది. వినోదం తరువాత వచ్చి చేరింది. టికెట్టు సంగతికి వస్తే, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గర, టేబుల్ మౌంటెన్ వాలు మీద 1913లో నెలకొల్పిన కిర్‌స్టెన్‌బాష్ తోటను ఆ దేశపు మొక్కల కోసమే పెట్టారు. అక్కడి ప్రోటియా పూల పొదలను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తూనే ఉన్నారు.

మన ప్రాంతానికి ఈ విషయంలో పాత బాకీ ఒకటి ఉంది. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉంటూ ఉత్తర సర్కారుల (గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరప్రాంతపు) మొక్కలను సేకరించాడు, భారతీయ చిత్రకారులచేత వాటి బొమ్మలు గీయించాడు, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. 1793లో ఆయన కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లాడు. ఆ బొమ్మల ప్రతులు నేడు కలకత్తాలోను, లండన్ దగ్గరి క్యూ తోటలోను ఉన్నాయి. ఆ బొమ్మల్లోని మొక్కలను బతికి ఉన్నవిగా, పేరు పలకతో, ఒకచోట చూపించే తోట మాత్రం సర్కారుల నేల మీద ఎక్కడుంది? పైగా అందం కోసం తెచ్చిన మొక్క అందంగానే ఉండిపోతుందన్న హామీ లేదు. లాంటానాను 1809లో కలకత్తా తోటకు అలంకారానికే తెచ్చారు. ఇప్పుడు మన కొండ దారుల పక్కన దాన్ని నరకలేక చస్తున్నాం.

ఉద్దానం కొబ్బరి:

వాదన ఏ పక్షానిదైనా, ముందు గాలివాన లెక్క వేసుకోవాలని నా మనవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఏం చేశాయో ఈ రెండు జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. తరాలుగా పెంచుకున్న కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకు ఒరిగిన చోట గ్లాస్‌హౌస్ కట్టమంటే నవ్వు వస్తుంది. గట్టి తోటలకూ ఈ గండం తప్పలేదు. 1987 అక్టోబరు తుపానులో క్యూ తోట సుమారు 700 చెట్లను కోల్పోయింది. 2020 మే నెలలో ఆంఫన్ కలకత్తా తోటను చిందరవందర చేసి, అక్కడి మహా మర్రికి కూడా దెబ్బ కొట్టింది. అంతకు చాలా ముందే, 19వ శతాబ్దపు తుపానుల దెబ్బకు శిలీంధ్రం పట్టి కుళ్లిన దాని మూల కాండాన్ని 1925లో తొలగించారు. ఊడలే దానికి కాళ్లై నేటికీ నిలబెట్టాయి.

క్యూలో జరిగిన మరొక సంగతి మన తోటమాలులు తెలుసుకోదగ్గది. అంతకుముందే నీరసించి ఉన్న టర్నర్స్ ఓక్ అనే పాత చెట్టును ఆ తుపాను వేళ్లతో సహా పైకెత్తి మళ్లీ అదే చోట దింపింది. చెట్టు చచ్చిందనుకున్నారు, కానీ మూడేళ్లకు అది మునుపటి కంటే ఏపుగా పెరిగింది. సందర్శకుల అడుగులకు నేల గట్టిపడి వేళ్లకు గాలి అందక చెట్టు కుంగిపోయిందనీ, కుదుపుకు మట్టి గుల్లబారడంతో తేరుకుందనీ తేలింది. అప్పటి నుంచి అక్కడ మట్టిలోకి పీడనంతో వాయువు పంపి గుల్లబరుస్తున్నారు. జనం ఎక్కువ వస్తే మంచిదేనన్న వాదనకు ఇదీ ఒక జవాబు.

విత్తనాలు దాచుకుంటే చాలదా అని మరొకరు అనవచ్చు. క్యూ వారు వేక్‌హర్స్ట్‌లో 2000లో తెరిచిన విత్తన నిధిలో గింజలను ఆరబెట్టి, సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంచుతారు. మన పనస గింజ, మామిడి టెంక ఆ పద్ధతికి లొంగవు, ఆరబెడితే చచ్చిపోతాయి. వాటి రకాలను కాపాడాలంటే బతికి ఉన్న చెట్లుగానే, అదీ ఒకే చోట కాకుండా తీరానికి దూరంగా రెండో చోట కూడా పెంచాలి.

నెల్లిమర్ల వాసి:

గ్లాస్‌హౌస్ మాట వదులుకుంటాను, పక్షం వదులుకోను. హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ దీవిలో అంతరించిందనుకున్న కెఫే మరోన్ పొద ఒక్కటే ఒక్కటి 1979లో ఒక బడిపిల్లవాడి కంట పడింది. దాని కొమ్మలు 1986లో క్యూకు చేరాయి. ఏళ్ల తరబడి పూస్తూ కాయని ఆ మొక్కకు చివరికి అక్కడే గింజలు పట్టించి, మొలకలను తిరిగి రోడ్రిగ్స్‌కు పంపారు. పరాయి మొక్కకు చోటివ్వబోమని ఆ తోట అనుకొని ఉంటే ఏమయ్యేది? అన్నట్టు, పలాస జీడి బ్రెజిల్ నుంచి వచ్చినదే. చంపావతి గారి తోటలో దానికి ప్రవేశం ఉందా, లేదా?

సీతంపేట మాస్టారు:

నా అభ్యంతరం రెండు పక్షాలకూ వర్తిస్తుంది. కొండ మొక్కలను తోటలోకి తెస్తే, వాటి గుణం తెలిసిన సవరలు, జాతాపులకు ఆ తోటలో స్థానం ఏమిటి? 1987లో తిరువనంతపురం దగ్గరి పాలోడ్ తోట శాస్త్రవేత్తలకు కాణి గిరిజనులు అలసట తీర్చే ఆరోగ్యపచ్చ మొక్కను చూపించారు. దాని నుంచి తయారైన మందు హక్కును 10 లక్షల రుసుముకు, 2 శాతం రాయల్టీకి ఒక సంస్థకు ఇచ్చి, అందులో సగం కాణి వారి ట్రస్టుకు చేర్చారు. అది మెచ్చదగిన పనే. కానీ ఆ ఆకును అడవి నుంచి కోసి అమ్ముకోవడానికి అటవీ శాఖ అడ్డు చెప్పింది. జ్ఞానానికి వాటా వచ్చింది గాని ఆకు చేతికి రాలేదు. మొదటి మొక్క నాటక ముందే ఈ ఒప్పందం కాగితం మీదికి రావాలి.

చంపావతి:

మాస్టారు గారి షరతుకు నేను సమ్మతిస్తాను. జీడికీ చోటు ఉంది, పంట చెట్ల విభాగంలో. దాని మూలదేశం పేరు పలక మీద తప్పక రాయించాలి. కెఫే మరోన్ గురించి మీరు చెప్పింది నిజమే, అయితే దాని పక్కన ఎన్సెఫలార్టోస్ వుడై కథను కూడా పెట్టండి. 1895లో దక్షిణాఫ్రికాలో దొరికిన ఈ సైకాడ్‌లో (తాళజాతిలా కనిపించే, పూలు పూయని ప్రాచీన జాతి మొక్క) మగ మొక్క తప్ప ఆడ మొక్క నేటి వరకూ ఎవరికీ కనబడలేదు. ప్రపంచంలోని తోటల్లో ఉన్నవన్నీ దాని పిలకల సంతతే, ఒక్కదానికీ గింజ లేదు. అడవిలో ఇంకొన్ని మిగిలి ఉండగానే సేకరించకపోతే ఎంత గొప్ప తోటైనా చేయగలిగింది అంతే. మన కనుమల్లో ఆ గడువు ఇంకా దాటిపోని మొక్కలున్నాయి, వాటికి మరో దిక్కు లేదు.

కాబట్టి డబ్బు కొద్దిగా ఉంటే నా వరుస ఇది: ముందు హెర్బేరియం గది (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచేది), నర్సరీ, ప్రతి మొక్కకు అది ఏ కొండ నుంచి, ఏ తేదీన, ఎవరి చేత వచ్చిందో రాసే రిజిస్టరు. ఆ రిజిస్టరు లేని తోటను ఎన్ని దేశాల మొక్కలతో నింపినా నేను పార్కు అనే అంటాను. ప్రహరీ, ముఖద్వారం, టికెట్టు కౌంటరు ఆ తరువాతి సంవత్సరాల్లో కట్టుకోవచ్చు.