లోక్ అదాలత్‌లో రాజీయా, ట్రిబ్యునల్ తీర్పా: ప్రమాద మరణ కేసుల్లో కుటుంబానికి ఏది మేలు?

గోదారిగట్టు:
తాపీ మేస్త్రీగా పనిచేసే మా బావమరిది, 34 ఏళ్లవాడు, లారీ ఢీకొని మరణించాడు. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు, తల్లి అతని సంపాదన మీదే ఆధారపడి ఉండేవారు. మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో ఓపీ (పరిహారం కోరే దరఖాస్తు) వేశాము. రాబోయే లోక్ అదాలత్‌లో రాజీకి వస్తే అన్నీ కలిపి 14 లక్షలు ఇస్తామని బీమా కంపెనీ న్యాయవాది అంటున్నారు. ఇంట్లో సగం మంది ఒప్పుకుందామంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. సభ్యులు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

కృష్ణాతీరం:
ఒప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్ అవార్డుకు, అంటే అక్కడ రాజీని నమోదు చేసి ఇచ్చే ఉత్తర్వుకు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. ట్రిబ్యునల్ తీర్పు అలా కాదు. ఎక్కువ మొత్తం ఇచ్చిన ప్రతిసారీ కంపెనీ హైకోర్టుకు వెళ్లే వీలుంటుంది. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె అంతకాలం ఆగవు కదా.

నల్లకోటు:
అప్పీలు లేకపోవడం కంపెనీకే కాదు, కుటుంబానికీ వర్తిస్తుంది. అవార్డు మీద సంతకం పెట్టాక, మొత్తం తక్కువైందని తెలిసినా మామూలుగా చేయగలిగిందేమీ ఉండదు. అందుకే ముందు లెక్క చూసుకోవాలి.

సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోనూ, 2017లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రణయ్ సేథీ కేసులోనూ ఈ లెక్కకు పద్ధతి ఏర్పరిచాయి. నెల ఆదాయం 15,000 అనుకుంటే, సొంతంగా పనిచేసుకునే 40 ఏళ్ల లోపు వ్యక్తికి భవిష్యత్తు ఆదాయవృద్ధి కింద 40 శాతం కలపగా 21,000 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కనుక మృతుడి సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసివేయగా 15,750, ఏడాదికి 1,89,000. 34 ఏళ్ల వయసుకు గుణకం (ఏడాది మొత్తాన్ని హెచ్చించే సంఖ్య) 16 కనుక మొత్తం 30,24,000. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలూ తల్లీ కోల్పోయిన అనుబంధానికి ఇచ్చే మొత్తాలు, దరఖాస్తు తేదీ నుంచి వడ్డీ దీనికి అదనం.

ఇప్పుడు 14 లక్షలను వెనక్కి లెక్కించి చూడండి. అదనాలేవీ లేవనుకున్నా, ఆ మొత్తానికి ఒప్పుకోవడమంటే తాపీ మేస్త్రీ నెలకు 7,000 కూడా సంపాదించలేదని కుటుంబమే అంగీకరించినట్టు.

కృష్ణాతీరం:
లెక్క బాగానే ఉంది కానీ, 15,000 అని రుజువు చేసేదెలా? మేస్త్రీలకు జీతం రసీదులు ఉండవు.

నల్లకోటు:
ప్రశ్న సరైనదే, ఇలాంటి కేసుల్లో అసలు పోరాటం ఆదాయం దగ్గరే. పని ఇచ్చిన కాంట్రాక్టరు సాక్ష్యం, బ్యాంకు ఖాతాలో పడిన కూలి డబ్బు ఉపయోగపడతాయి. అవి లేనప్పుడు ప్రభుత్వ కనీస వేతనాల నోటిఫికేషన్‌ను ఆధారంగా తీసుకుంటారు. ట్రిబ్యునల్ 10,000 మాత్రమే ఒప్పుకున్నా, ఇదే పద్ధతిలో 20,16,000 వస్తుంది. అప్పీలు విషయానికొస్తే, సగమో, కొంత భాగమో జమ చేయమని షరతు పెట్టి హైకోర్టులు స్టే ఇవ్వడం, అందులో కొంత తీసుకోవడానికి కుటుంబాన్ని అనుమతించడం సాధారణంగా జరిగేదే. కాబట్టి అప్పీలు వేసినంత మాత్రాన ఇంట్లో పొయ్యి వెలగదని భయపడనక్కర్లేదు.

అయితే రాజీయే వద్దని నేను అనను. ఢీకొన్న వాహనం ఏదన్న దానిపై అనుమానం ఉన్నా, ఛార్జిషీటు మృతుడి నిర్లక్ష్యాన్నే చూపుతున్నా, తక్కువకు ఒప్పుకోవడం తెలివైన పనే. మీ కేసులో అలాంటి లోపం ఏదైనా ఉందా?

గోదారిగట్టు:
లేదండీ. లారీ డ్రైవరు మీదే ఛార్జిషీటు వేశారు, బీమా కూడా అమల్లోనే ఉంది.

కృష్ణాతీరం:
అలాగైతే 14 లక్షలు తక్కువేనని ఒప్పుకుంటాను. కానీ లోక్ అదాలత్‌కు వెళ్లడం మానకండి. అక్కడ కుదరకపోతే కేసు తిరిగి ట్రిబ్యునల్‌కే వస్తుంది, పోయేదేమీ లేదు.

నల్లకోటు:
ఆ మాటతో ఏకీభవిస్తాను. ఈ లెక్కను కాగితం మీద రాసి, మీ న్యాయవాది చేత బెంచి ముందు పెట్టించండి. 20 లక్షలకు దిగువన సంతకం వద్దని నా సలహా. ఎంతకు కుదిరినా పిల్లల వాటా వేరుగా నిర్ణయించి, వారికి మైనారిటీ తీరేవరకు (18 ఏళ్లు నిండేవరకు) ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమని అవార్డులోనే రాయించండి. డబ్బు వచ్చిందని తెలియగానే అప్పు అడిగే బంధువులు ఎక్కడైనా ఉంటారు.